ఇంటివాళ్లకు సమ్మతమేనా

పదిన్నరకు ఆరాధన. తొమ్మిది ఎప్పుడో దాటింది, నేనింకా ఆర్ట్స్ కాలేజీ ఎదురుగా చెట్టు కింద సిమెంటు బెంచీ మీదే ఉన్నాను, చర్చికి కట్టే తెల్లచీర కట్టుకునే, భుజాన సంచీ వేసుకునే, ఇక లేచి నడవడమే తరువాయి, కాళ్లు మాట వినడం లేదు. ఆదివారం నాకు లైబ్రరీలో డ్యూటీ లేదు. అయినా పొద్దున్నే "జర నడిచొస్త నాయినా" అని చెప్పి ఇల్లు దాటి ఈ క్యాంపస్‌లోకి వచ్చి పడ్డాను. తెల్లచీర కట్టుకుని ఎవరైనా వాకింగ్‌కు పోతారా? ఇంకో రోజైతే నాన్న అడిగేవాడు. ఇవాళ నాన్న నేల మీద లేడు. చీకటితోనే లేచి, మటన్ కొట్టు షట్టర్ ఎత్తకముందే వెళ్లి నిలబడి, లేతది ఇయ్యి, కొడుకొస్తున్నడు అని కొట్టువాడికి కూడా చెప్పి వచ్చాడు. కొడుకొస్తున్నాడు. ఏడేళ్లకు కమలాకర్ వస్తున్నాడు. అమ్మ కడుపున నా తరవాత పుట్టినవాడు, నేను పెంచుతున్న కెజియాకు కన్నతండ్రి, మధ్యాహ్నం భోజనానికి వస్తాడు, ఆ తరవాత ఇంట్లోనే ఉంటాడు. నాకు భయంగా ఉంది. నోట్లో తడి లేదు, సీసా తీసి నీళ్లు తాగుతూనే ఉన్నాను, అరచేతులు మాత్రం చెమటతో జిగటగా ఉన్నాయి, ముఖ్యంగా కుడి చెయ్యి. ఇవాళ ఇవ్వాల్సింది ఆ చెయ్యే.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. తార్నాక చుట్టుపక్కల పెద్ద పెద్ద చర్చిలున్నాయి, మాది సందులో చిన్నది, రైల్వేలో గ్యాంగు పనికి పల్లెల నుంచి వచ్చిన తాతలు తట్టలు మోసి కట్టుకున్నది. తప్పు చేసినవాణ్ని ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారానికి, దూరం పెట్టేటప్పుడు అందరూ చెయ్యెత్తుతారు. మళ్లీ చేర్చుకునేటప్పుడు కుడిచెయ్యి ఇస్తారు. మనిషి వచ్చి ముందు నిలబడతాడు, సంఘ పెద్ద లేచి "ఇంటివాళ్లకు సమ్మతమేనా?" అని అడుగుతాడు, ఇంటి నుంచి ఒకరు ముందుకొచ్చి చెయ్యి ఇవ్వాలి, ఆ తరవాతే మిగతావాళ్లు వరస కడతారు. ఇంటి చెయ్యి రాకపోతే ఇంకెవరి చెయ్యీ రాదు. ఇల్లు క్షమించనివాణ్ని సంఘం క్షమించడమేమిటని తాతల లెక్క, మంచి లెక్కే, దెబ్బ తినేది ఇంట్లోవాళ్లే కదా. చిక్కేమిటంటే మా సంఘ పెద్ద మా నాన్నే. ఉప్పలయ్య అంటే తార్నాకలో మా సంఘం వాళ్లంతా లేచి నిలబడతారు. అడిగేవాడు తనే చెయ్యి ఇవ్వకూడదు. అమ్మ పోయి మూడేళ్లయింది. మిగిలింది నేను, నలభై దాటిన పెళ్లికాని మనిషిని. లైబ్రరీలో నా గొంతు వినిపిస్తే పీహెచ్‌డీ పిల్లలు కూడా ఫోన్లు జేబులో పెట్టేస్తారు, ఎస్తేరు మేడమ్‌కు భయమంటే ఏమిటో తెలియదని వాళ్ల నమ్మకం. వాళ్లొచ్చి ఇప్పుడు నా మోకాళ్లు చూడాలి.

రోడ్డు అవతల టీ బండి ఆయన పొయ్యి వెలిగిస్తున్నాడు. టక్. అంటుకోలేదు. టక్, టక్. నేను లేచి నిలబడ్డాను, ఎప్పుడు లేచానో తెలియదు, సంచీ గుండెకు అదుముకుని అటు తిరిగి పరుగెత్తడానికి ఒక కాలు కూడా వేశాను. మంట వచ్చింది, నీలంగా, చిన్నగా, ఆయన గిన్నె పెట్టి పాలు పోశాడు. అంతే. లోకమంతా రోజూ ఇలాగే టీ పెట్టుకుంటుంది. పక్క బెంచీలో గ్రూప్స్‌కు చదువుకునే అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి మళ్లీ పుస్తకంలో తల పెట్టింది, చూడు తల్లీ చూడు, పిచ్చిదనుకో, నాకేం. కూర్చున్నాను. మా ఇంట్లో గ్యాస్ లేదు, కనెక్షన్ తిరిగి ఇచ్చేశాను, కరెంటు పొయ్యి మీదే వంట. పండక్కి వచ్చిన చుట్టాలు నవ్వుతారు, మేడమ్‌కు షోకులెక్కువైనయని. వంటింటికి తలుపు కూడా లేదు. చెదలు పట్టిందని చెప్పి పీకించేశాను, దర్వాజాకు పరదా వేలాడుతుంటుంది. పరదా అయితే తోసుకుని బయటపడొచ్చు. ఇలాంటివి ఆలోచించి ఆలోచించి ఇల్లంతా సర్దుకున్నాను. ఏ కిటికీ గడియ ఎంత గట్టిదో, ఏ గదిలోంచి వీధి ఎన్ని అంగలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. గ్యాస్ లేకపోతేనేం, అగ్గిపెట్టె లేదా? పెట్రోలు లేదా? తమ్ముడు గోల్నాకలో బైకు మెకానిక్ షాపులో పని చేస్తున్నాడట, చేతికి అందేంత దూరంలో సీసాల నిండా పెట్రోలు. చాలు, ఆపు, ఎస్తేరూ, ఆపు.

ఆ రోజు ఎండాకాలం. కెజియాకు జ్వరమని నేను ఒంటిపూట సెలవు పెట్టి వచ్చాను, రెండేళ్ల పిల్ల, హాల్లో చీర ఊయలలో పడుకుంది, నాన్న ఎవరిదో గృహ ప్రార్థనకు కాచిగూడ వెళ్లాడు. అమ్మా నేనూ వంటింట్లో. కమలాకర్ తాగి వచ్చాడు, అదేం కొత్త కాదు, పెళ్లాం కాన్పులో పోయినప్పటి నుంచీ తాగుడే, ఆ రోజుకు ఏడాది ముందు తాగి చర్చిలో బల్ల దగ్గరికే వచ్చి గిన్నె జారవిడిచాడు, అప్పుడే వాణ్ని దూరం పెట్టారు, నాన్నే అందరికంటే ముందు చెయ్యెత్తాడు. వచ్చి, నా బిడ్డను ఇయ్యుండ్రి, నేను తీస్కపోత, అన్నాడు. నిషా దిగినంక పొద్దుగాల రారా, ఇప్పుడైతే ఇయ్య, అంది అమ్మ. వాడు అరవలేదు. అరిచి, కొట్టి, గిన్నెలు విసిరి ఉంటే నాకిప్పుడు ఇంత భయం ఉండేది కాదేమో. నెమ్మదిగా వెళ్లి వీధి తలుపు గడియ పెట్టాడు, కిటికీలు మూశాడు, వంటింట్లోకి వచ్చి తలుపు వేశాడు, పొయ్యికున్న ట్యూబు పీకి సిలిండర్ తిప్పాడు. సుయ్‌మని చప్పుడు. తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు, లైటరు చేతిలో పట్టుకుని. "అందరం పోదాం అమ్మా," అన్నాడు, ఏదో పెళ్లికి బయల్దేరదీసినట్టు, అంత మామూలుగా. వాసన ముక్కులోకి, గొంతులోకి, కళ్లలోకి. నేను కదల్లేదు. అమ్మ ఏడవలేదు, ప్రార్థన కూడా చేయలేదు, పచ్చిమిరపకాయ కోయాలన్నా ప్రభువా అనుకునే మనిషి. "బిడ్డ పాలకు లేస్తదిరా," అంది. ఆ ఒక్క మాటే. వాడి బొటనవేలు లైటరు మీద అలాగే ఉంది. ఎంతసేపో నాకు తెలియదు. తరవాత లైటరు నేల మీద పెట్టి, తల తలుపుకేసి కొట్టుకుని, తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. అమ్మ ముందు సిలిండర్ కట్టేసింది, ఆ తరవాత కిటికీలు తీసింది, ఆ తరవాత పిల్లకు పాలు కాచడానికి పక్కింటికి వెళ్లింది. వాడు ఎందుకు నొక్కలేదు? ఇదొక్కటే నాకు తెలియాలి. అమ్మ మాట వినా, కెజియా గుర్తొచ్చా, చెయ్యి తిమ్మిరెక్కా, నిషా తగ్గా? ఎందుకు నొక్కలేదో తెలిస్తే ఇక ముందు నొక్కడని నమ్మొచ్చు. తెలియకపోతే ఏం నమ్మను? ఆ వేలు ఇప్పటికీ అలాగే ఉన్నట్టుంది నాకు.

వచ్చిన ఆదివారం, దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయంలో అమ్మ లేచి నిలబడింది. చెప్పేస్తుందనుకున్నాను, పీడ విరగడవుతుందనుకున్నాను. అమ్మ కొంగు తల మీదికి లాక్కుని చెప్పింది: మా ఇంట్ల గ్యాసు లీకైంది, మేం సోయి లేకుంట ఉన్నం, నా కొడుకు దేవుడు పంపినట్టే వచ్చి కట్టేసిండు, అగ్ని నుంచి నా ఇల్లు కాపాడిన ప్రభువుకు స్తోత్రం. చప్పట్లు. స్తోత్రం, స్తోత్రం. తాగుబోతైతే ఏంది, తల్లిని కాపాడుకున్నడు, అని ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. నేను మా అమ్మ వీపు వైపు చూస్తూ కూర్చున్నాను. నిజం చెప్పాల్సిన చోట నిలబడి, దేవుడి పేరు పెట్టి, కొడుకు కోసం అబద్ధమాడిన ఆ వీపు. ఇంటికి వచ్చాక అడిగాను, కోపంతో ఊగిపోతూ అడిగాను. "నోరు తెరవకు తల్లీ, పోలీసోళ్లు పట్కపోతరు, మీ నాయిన పానం పోతది, నీ కాళ్లు మొక్కుత," అని నిజంగానే వంగింది. కన్నతల్లి కాళ్ల మీద పడబోతే ఎవరు నోరు తెరుస్తారు? మింగలేక, కక్కలేక, ఇన్నేళ్లూ. చనిపోయేటప్పుడు కూడా అమ్మ నా వైపు చూసి పెదవుల మీద వేలు పెట్టుకున్నట్టే అనిపించింది, ఆక్సిజన్ గొట్టం సర్దుకుందో ఏమో.

శుక్రవారం పాస్టరయ్య మా ఇంటికి వచ్చాడు. మంచివాడే, చిన్న వయసు, చమటలు తుడుచుకుంటూ మాట్లాడతాడు. "ఆదివారం వాక్యం ఇద్దరు కొడుకుల ఉపమానమే చెప్త అక్కా, నీ తమ్ముని కోసమే. ఏడేండ్ల సంది ప్రార్థన చేసినం గద," అన్నాడు. ఆ కథ నాకు ఊయలలోనే వినిపించి ఉంటారు. చిన్నవాడు వాటా పట్టుకుని దూరదేశం పోయి తగలేసి, కరువొచ్చి, పందులు తినే పొట్టుకు ఆశపడి, బుద్ధి తెచ్చుకుని తిరిగొస్తాడు. తండ్రి దూరం నుంచే చూసి పరుగెత్తి మెడ మీద పడి ముద్దు పెట్టుకుంటాడు. మంచి బట్టలు, ఉంగరం, చెప్పులు, కొవ్విన దూడను కోసి విందు, వాయిద్యాలు. పెద్దవాడు పొలం నుంచి వస్తాడు, చప్పుడు విని పనివాణ్ని అడిగి సంగతి తెలుసుకుంటాడు, లోపలికి రానంటాడు. ప్రతి పాస్టరూ ఇక్కడికొచ్చేసరికి గొంతు పెంచుతాడు. అసూయ! పెద్దవాడికి అసూయ! అసూయట! ఎవరైనా వాణ్ని పోయి అడిగారా? పొలంలో ఉన్నవాడికి ఒక మనిషిని పంపి, నీ ఇంటికి ఫలానావాడు వచ్చాడు నాయనా అని కబురు చేయడానికి అంత పెద్ద ఇంట్లో ఒక్కడు దొరకలేదా? దూడను కోసినవాళ్లున్నారు, వాయించేవాళ్లున్నారు. చిన్నవాడు ఇల్లు వదిలేముందు ఆ ఇంట్లో ఏం జరిగిందో కథలో లేదు. తల్లి ఊసే లేదు. ఒకవేళ పెద్దవాడికి వాడంటే భయమేమో. ఆ మాట ఏ ప్రసంగంలోనూ వినలేదు నేను. పాస్టరయ్యకు టీ ఇచ్చి, అలాగే చెప్పయ్యా అన్నాను. ఇంకేం అంటాను.

ఫోను. నాన్న. మోగనిచ్చాను, మళ్లీ మోగింది.

"ఏడున్నవ్ బిడ్డా? టైమైతున్నది."

"క్యాంపస్ల ఉన్న నాయినా. వస్తున్న."

"వాడొచ్చిండు ఎస్తేరూ," అన్నాడు నాన్న. "గోల్నాక సంది నడ్సుకుంటనే వచ్చిండట. జుట్టు నెరిసింది వానికి. నేను జూసి చర్చి గేటు కాడికి ఉరికిన, ఈ మోకాళ్లతోటి!" నవ్వాడు, నవ్వుతుంటే దగ్గొచ్చింది. వెనక కెజియా గొంతు, అత్తమ్మ వస్తుందా తాతా, అత్తమ్మ వస్తుందా. "వస్తది, వస్తది. నువ్వు రాంగనే మొదలువెడ్దం బిడ్డా. అంత నీ చేతులనే ఉన్నది."

అంతా నా చేతిలోనే ఉంది. తెలిసి అన్నాడో తెలియక అన్నాడో.

లేచాను. నడుస్తున్నాను, తార్నాక వైపు. ఎండ అప్పుడే రోడ్డు మీద పరుచుకుంది, మైదానంలో క్రికెట్టు పిల్లల కేకలు, హాస్టళ్ల వైపు నుంచి ఉప్మా వాసన, ఎవరో కుర్రాడు నమస్తే మేడం అన్నాడు, తల ఊపాను. వెనక నుంచి బైకు వేగం తగ్గించింది. వాడే. పై ప్రాణాలు పైనే పోయాయి, గోడ వైపు జరిగి, సంచీ అడ్డం పెట్టుకున్నాను. హెల్మెట్ తీశాడు, ఎవరో మధ్యవయసు మనిషి, అడిక్‌మెట్ ఎటు పోవాలి అమ్మా అని అడిగాడు. చెయ్యి చూపించాను. వాడు చర్చిలో ఉన్నాడని నాన్న ఇప్పుడే కదా చెప్పాడు, వాడిక్కడెందుకుంటాడు, బుద్ధి ఉండాలి. భయానికి బుద్ధి ఉండదు. ఇలా వణుక్కుంటూ ఎన్నాళ్లు? ఇవాళ చెయ్యి ఇచ్చేస్తాను, ఇచ్చేసి వాణ్ని ఇంటికి తెచ్చుకుంటాను, పక్కగదిలో వాడు దగ్గితే లేచి కూర్చుంటాను, కెజియాను నా మంచం గోడవైపు పడుకోబెట్టుకుంటాను, స్నానాల గది తలుపు కూడా పీకించేస్తాను. లేకపోతే చెయ్యి ఇవ్వను. ఎందుకివ్వవని అడుగుతారు. చెబితే? అమ్మ అబద్ధాలకోరవుతుంది, సమాధిలో ఉన్న మనిషి వచ్చి జవాబు చెప్పుకోలేదు. నాన్న అక్కడే కుప్పకూలుతాడు. కెజియా వింటుంది. తొమ్మిదేళ్ల పిల్ల, రాత్రి నిద్రపోకుండా, నాయిన ఎత్తుంటడా పొట్టా, నాకు ముక్కు ఎవరిది వచ్చింది అత్తమ్మా అని అడుగుతూనే ఉంది. నీ నాయిన నువ్వు ఊయలలో ఉండగా నిన్ను కాల్చబోయాడే అని ఎలా చెప్పను? చెప్పకపోతే అది వాడి ఒళ్లో కూర్చుంటుంది, వాడితో బండెక్కి తిరుగుతుంది, నేను ఎక్కడని కాపలా కాయను? ప్రభువా, అనుకున్నాను. తరవాత ఏమనాలో తోచలేదు. క్షమించు అనమంటావా, కాపాడు అనమంటావా, రెండూ ఒకేసారి ఎలా అడిగేది నిన్ను?

చౌరస్తా దాటాను. మెట్రో స్టేషన్ నీడలో పూలమ్మే ఆవిడ, ఆటోలు, బస్సు కోసం తోసుకునే జనం, ఎవరి ఆదివారం వాళ్లది. సందు తిరగ్గానే పాట వినిపించింది, డోలకు, తాళాలు. పాట మొదలైపోయింది. నేను రాకముందే మొదలుపెట్టేశారు. గేటు దాకా వచ్చి ఆగిపోయాను. లోపల మెట్ల దగ్గర చెప్పుల గుట్ట, కెజియావి గులాబీ రంగువి, నాన్నవి తోలువి, ఆ పక్కన ఎవరివో మడమలు అరిగిన చెప్పులు, ఆయిలు మరకలతో. తెరిచిన తలుపులోంచి ముందు వరసలో ఒక వీపు కనిపించింది. నీలం చొక్కా. బక్కచిక్కి ఉంది. అయినా ఆ వీపే. తలుపుకు ఆనుకుని కూర్చున్న వీపు. ముక్కులోకి వాసన కొట్టింది, ఎక్కడా గ్యాస్ లేదని నాకు తెలుసు, ఇక్కడున్నది మల్లెపూల వాసనా, కొబ్బరినూనె వాసనా మాత్రమేనని తెలుసు, అయినా కొట్టింది. గేటు పక్క అరుగు మీద కూలబడ్డాను. ఇక లోపలికి పోవడం నావల్ల కాదు. చంపినా కాదు.

నాన్నే వచ్చాడు. కోటు వేసుకుని, చేతికర్ర పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగుతూ. లోపల పాట సాగుతూనే ఉంది.

"గీడెందుకు కూసున్నవ్? లోపలికి రా బిడ్డా. అందరు నీ కోసమే చూస్తున్నరు."

"నేను రాను నాయినా."

"కోపమా వాని మీద? ఇన్నేండ్లు నా ఎంబడి నువ్వే ఉన్నవ్, నా ఇల్లు నిలవెట్టింది నువ్వే, నాకు తెల్వదా? కని వాడు సచ్చి బతికొచ్చినట్టొచ్చిండు గదనే."

"కోపం కాదు నాయినా, భయం! భయమైతుంది నాకు!" గట్టిగానే అరిచానేమో, వీధిలో పోయేవాళ్లు చూశారు. ఇక ఆగలేదు నోరు. అమ్మ కాళ్లు మొక్కినా, సమాధి లోంచి లేచి వచ్చినా ఆగేది కాదు. "గ్యాసు లీక్ కాలే నాయినా. అమ్మ చెప్పింది అబద్ధం. వాడే ఇప్పిండు. లైటర్ పట్టుకొని తలుపుకు అడ్డం కూసున్నడు. నేను, అమ్మ, పోరి, అందరం పోతుంటిమి ఆ దినం!"

చెప్పేసి నాన్న ముఖం చూశాను, పడిపోతాడేమోనని రెండు చేతులూ చాచి. నాన్న పడలేదు. కర్ర గోడకు ఆనించి, మోకాళ్లు పట్టుకుని, మెల్లగా అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు.

"నాకు ఎర్కనే," అన్నాడు. "మీ అమ్మ పోయే ముంగట దవాఖానల చెప్పింది."

మూడేళ్లు. మూడేళ్లుగా తెలుసు. తెలిసే మటన్ తెచ్చాడు, తెలిసే గేటు దాకా పరుగెత్తాడు, తెలిసే నా చెయ్యి అడుగుతున్నాడు.

"ఆ తలుపుకు చెదలు లేవు బిడ్డా," అన్నాడు నాన్న, నేల చూస్తూ. "వడ్లాయన పీకుతాంటే నేను జూసిన, ఇనుము లెక్క గట్టిగున్నది. అప్పుడు సమజ్ కాలే. మీ అమ్మ చెప్పినంక అయింది."

"మరి నన్నెందుకు అడగలే నాయినా? ఒక్కసారన్న? ఇంత భయం పెట్టుకొని ఇది ఎట్ల పంటున్నదో అని ఒక్కసారన్న అడగాల్నా వద్దా?"

"నువ్వేం అనకపోతివి. మరిచిపోయినవేమో, లేపుడెందుకు అనుకున్న." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "అది కూడ కాదు. ఉత్త మాట అది. వాడొస్తున్నడంటే ఆ సంబురంల నువ్వు నాకు యాదికే రాలే ఎస్తేరూ. యాదికే రాలే."

నన్ను ఎవరూ ఇంతవరకూ ఇంత దెబ్బ కొట్టలేదు. అయినా ఇన్నేళ్లలో నాన్న నాతో చెప్పిన నిజమైన మాట అదే అనిపించింది. ఇద్దరం ఏడ్చాం, వీధి మీద, తెల్లచీరలో నేనూ కోటులో ఆయనా, పాట ఎప్పుడు ఆగిందో చూసుకోలేదు. ఎవరో తలుపులోంచి తొంగి చూసి వెళ్లారు. నాన్న కర్ర అందుకున్నాడు. లోపలికి రమ్మని మళ్లీ అనలేదు. నా తల మీద చెయ్యి పెట్టి, అలాగే మెట్లెక్కి వెళ్లిపోయాడు.

మైకులో ఆయన గొంతు బయటికి కూడా వినిపిస్తుంది. కమలాకర్‌ను నిలబడమన్నాడు. బెంచీ కిర్రుమంది. "ఇంటివాళ్లకు సమ్మతమేనా?" అన్నాడు. నేను అరుగు అంచు పట్టుకుని కూర్చున్నాను. అందరూ తలలు తిప్పి తలుపు వైపు చూస్తుంటారు, నాకు తెలుసు. ఫ్యాను శబ్దం మైకులో గరగరమంటోంది. తరవాత మళ్లీ నాన్నే అన్నాడు. "ఇంకా లేదు. మా ఇంటోళ్లకు ఇంకా సమ్మతం లేదు. తప్పు నా కొడుకుదే కాదు, నాది సుత ఉన్నది. ఇయ్యాల ఎవ్వలు చెయ్యి ఇయ్యొద్దు." గుసగుసలు లేచాయి. పాస్టరయ్య కంగారుగా ఏదో పాట ఎత్తుకున్నాడు, శ్రుతి కలవలేదు, ఆడవాళ్లు అందుకుని సర్దారు.

వాడు బయటికి వచ్చాడు. మెట్ల మీద ఆగి, ఆ అరిగిన చెప్పులు వేసుకున్నాడు, చాలాసేపు పట్టింది. నన్ను చూశాడు. నేను లేచి గోడకు ఆనుకున్నాను. గేటు ఒకటే, నా పక్క నుంచే పోవాలి. వాడు కదల్లేదు. మెట్ల దగ్గరే నిలబడిపోయాడు, నేను పక్కకు జరిగితే తప్ప రానన్నట్టు.

"అక్కా, నాయిన మంచిగ చెప్పిండు," అన్నాడు. జుట్టు నిజంగానే నెరిసింది, ముందు పన్ను ఒకటి లేదు. "నేనే చెప్దామనుకున్న అందరి ముంగట. నిలవడ్డంక నోరు రాలే. నేను ఇంటికి రానక్కా. గోల్నాకల రూమున్నది. నాయిన ఊకె రమ్మంటున్నడు, నువ్వు వద్దని చెప్పు."

పోనీ అనొచ్చు. వెళ్లు అనొచ్చు. నా నోట్లోంచి అది రాలేదు.

"ఆ దినం ఎందుకు నొక్కలేదురా?"

వాడు వెంటనే జవాబు చెప్పి ఉంటే, దేవుడు నా చెయ్యి పట్టుకున్నడక్కా అనో, అమ్మ మాట గుండెకు తాకిందనో, సాక్ష్యంలో చెప్పే ఏ మాటైనా చెప్పి ఉంటే, నేను ముఖం తిప్పుకుని లోపలికి పోయేదాన్ని. వాడు చాలాసేపు తన చేతివేళ్లే చూసుకున్నాడు.

"తెల్వదక్కా. తాగుడు బందువెట్టి నాలుగేండ్లాయె, దినాం గదే అడుగుకుంట నన్ను నేను. ఎందుకు నొక్కలేదో తెల్వది. ఎందుకు ఇప్పిన్నో గది సుత తెల్వది." తల ఎత్తాడు. "నువ్వు నన్ను జూసి భయపడుతున్నవ్. నాక్కూడ నన్ను జూస్తే భయమే అక్కా. గందుకే ఇంటికి రానంటున్న."

గోడ రాయి నా వీపుకు గుచ్చుకుంటోంది. భయం ఎక్కడికీ పోలేదు. వాడు అక్కడే నిలబడ్డాడు, నేను ఇక్కడే. లోపల అందరూ పాడుతున్నారు, ఇద్దరం బయట ఉన్నాం.

గేటు చప్పుడైంది. లచ్చవ్వ, ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే ముసలావిడ, కళ్లు సరిగా ఆనవు, గోడ తడుముకుంటూ వస్తుంది. నా చీర తెలుపు పోల్చుకుని ఆగింది. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని మెట్ల వైపు చూసింది.

"ఎస్తేరేనా? బయటెందుకున్నరే? గాయిన ఎవలు బిడ్డా, కొత్త మనిషి లెక్కున్నడు?"

వాడు తల దించుకుని, నేను ఏమంటానో వినడానికి నిలబడ్డాడు.

"మా తమ్ముడు, అవ్వా," అన్నాను.